బిల్లు లేని వైద్యం

తమిళనాట మా తిరుమంగళం చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి వేస్తారు, మొక్కజొన్న వేస్తారు, నీళ్ళుంటే మల్లె పెడతారు. ఏది పెట్టినా దాని జాతకం రాసేది మాత్రం మందుల అంగడే. ముడుచుకున్న ఆకును జేబులో పెట్టుకుని పోతే అంగడి అన్న దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తాడు, తల పంకిస్తాడు, రెండు సీసాలు ముందు పెడతాడు. "ఇది ఈరోజు, అది మూడోరోజు కొట్టు మామా." పురుగు పేరు ఆయనా చెప్పడు, మామా అడగడు. బిల్లు ఉంది కదా, ఇంక పేరెందుకు?

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలో 2010లో కొన్ని కందిరీగలు చిచ్చు పెట్టాయి.

అంతకు రెండేళ్ళ ముందు, 2008లో, కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి బయటపడింది. పుట్టిల్లు మెక్సికో వైపు. పేరుకే బొప్పాయిది, మల్బరీ, కర్రపెండలం, పత్తి, పెరటి మందారం, దేన్నీ వదల్లేదు. ఒళ్ళంతా తెల్లటి మైనపు పిండి పూసుకుని ఉంటుంది కనుక మందు దాని ఒంటికి అంటదు. గుడ్లు దూది సంచిలో భద్రం. మనవాళ్ళు ఊరుకుంటారా? ట్యాంకుల మీద ట్యాంకులు కొట్టారు. పిండినల్లిని తినే అక్షింతల పురుగులు చచ్చాయి. మల్బరీకి కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగులకు ముప్పు. పిండినల్లి మాత్రం వారం తిరిగేసరికి మళ్ళీ హాజరు. సీసాల అమ్మకం తగ్గలేదు కనుక వైద్యం బాగానే జరుగుతోందని అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడు బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ కీటక పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగలను తెప్పించి, క్వారంటైన్‌లో పరీక్షించి వదిలింది. వాటిలో మొనగాడు ఏసెరోఫాగస్ పపాయే. పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పిండినల్లి కడుపులో గుడ్డు పెట్టి తన దారిన పోతుంది. పిల్ల లోపలే పుట్టి, లోపలే తిని పెరుగుతుంది. బొప్పాయి ఆకు తిరగేసి చూడండి: తెల్లటి పిండి మధ్య గోధుమరంగులో ఉబ్బి గట్టిపడిన పిండినల్లి డొల్లలు కొన్ని, ఒక్కోదానికి సూదితో పొడిచినట్టు గుండ్రటి కంత. ఆ కంతలోంచి కొత్త కందిరీగ బయటికి పోయిందన్నమాట. నెలల్లోనే తమిళనాట పిండినల్లి పొగరు అణిగింది.

ఇంత పని చేసిన ప్రాణి మీద నేరాల చిట్టా చిన్నది కాదు. బిల్లు ఇవ్వదు. లేబులు మీద ఎర్ర ముక్కోణం లేదు. డీలరుకు టార్గెట్టు లేదు, టార్గెట్టు దాటితే బ్యాంకాక్ టూరు లేదు. పురుగు తగ్గితే తానూ తగ్గిపోతుంది. వచ్చే పంటకు మళ్ళీ కొనిపించే తెలివి బొత్తిగా లేదు. 2009 ఉపఎన్నిక పుణ్యమా అని ఓటుకు రేటు కట్టడానికి 'తిరుమంగళం ఫార్ములా' అని మన ఊరి పేరే పెట్టారు. అలాంటి చోట ఊరికే వచ్చి ఊరికే పనిచేసేదాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు?

"పరదేశపు కందిరీగ మన నేలలో ఎందుకు?" అని దేశభక్తి పొంగేవాళ్ళూ ఉన్నారు. పిండినల్లి ఏ పరీక్షా లేకుండా దిగబడినప్పుడు ఈ ప్రశ్న పుట్టలేదు. (నాయకరాజుల కాలంలో వచ్చి, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకునే మనం ఈ ప్రశ్న వేయడంలో ఒక అందం ఉందిలెండి.)

2016లో పొల్లాచ్చి కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. ఎన్‌కార్సియా అనే కందిరీగ ఎవరూ పిలవకుండానే ఆ తోటల్లో కనిపించింది. దాన్ని కాపాడుకోవాలి, మందు కొట్టకండి అన్నారు శాస్త్రవేత్తలు. సూది వేయకుండా ఇంటికి పొమ్మనే డాక్టరు దగ్గరికి మనం రెండోసారి పోతామా? పోము. కొట్టాం. తెల్లదోమ ఆకు అడుగున దాక్కుంది, కందిరీగ పోయింది, సీసా ఖాళీ అయింది.

ఇప్పుడు అంగడికీ జ్ఞానోదయం అయింది. మొన్న ఒక మామ వెళ్ళి, తోటలో కందిరీగలు వదిలానని కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు. అంగడి అన్న మెచ్చుకోలుగా తల ఊపాడు.

"మంచి పని చేసినావు మామా. అది ఆర్గానిక్కు కదా, నిదానంగా పనిచేస్తుంది. అందాకా ఇది కొట్టు."