స్టాట్స్ సారు

మెడికల్ కాలేజీలో దాదాపు అందరూ డాక్టర్లే. స్టాట్స్ సారు కూడా డాక్టరే గానీ పీహెచ్‌డీ డాక్టరు. ఆ తేడా కాలనీవాళ్లకి తెలియదు. గేటు మీద బోర్డు చూసి మోకాళ్లు పట్టుకుని వస్తారు. "నొప్పి తగ్గించలేనండీ, కావాలంటే సగటు తీసిస్తాను" అని పంపేస్తాడు. ఫలానా సిరప్‌తో వారంలో జలుబు పోయిందని ఎవరైనా అంటే, తాగనివాళ్లకి ఎన్నాళ్లు పట్టిందని అడుగుతాడు. అందుకే పెళ్లిభోజనాల్లో ఆయన పక్క కుర్చీ తరచూ ఖాళీగా ఉంటుంది.

కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో, జిరాక్సు మిషను పక్కన ఆయన గది. గోడమీద సి.ఆర్.రావు గారి ఫోటో. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న మహానుభావుడు. పీజీలు మాత్రం అది సారు నాన్నగారి ఫోటో అనుకుని దణ్ణం పెడతారు. సారు దిద్దడు. ఒక రకంగా నిజమే కదా.

ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ గదికి టీ కుర్రాడు తప్ప ఎవరూ రారు. థీసిస్‌ని పరీక్షకి ఆరు నెలల ముందే ఇచ్చెయ్యాలి. ఆ గడువు ఇక మూడు రోజులుందనగా గుమ్మం ముందు చెప్పులు గుట్టపడతాయి.

"సార్, సిగ్నిఫికెంట్ రావాలి సార్." నమస్కారం బదులు ఇదే.

పెన్‌డ్రైవ్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "గైడ్ చూసిన ఫైనల్" అని మూడు ఎక్సెల్ ఫైళ్లు. ఏది తెరిచినా అదే వైభవం. బీపీ గడిలో 120/80 అని ఒకే ముక్క. ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేరుకి అది అంకె కాదు, అక్షరాల వరస. వయసు దగ్గర "45 ఏళ్లు, సుమారు". షుగరు రోగులకి పసుపు రంగు పూశారు. ఎస్‌పీఎస్‌ఎస్‌కి రంగు చూసి లెక్కపెట్టే అలవాటు లేదు. మగవాళ్లని ఒకచోట పెద్ద ఎం, ఒకచోట చిన్న ఎం, ఒకచోట మేల్, నిద్రలో కొట్టినచోట ఉత్తరం స్పెల్లింగుతో మెయిల్ అని రాశారు. సారు టేబుల్ తీస్తే వార్డులో నాలుగు రకాల మగవాళ్లు తేలారు. వయసు తెలియని చోట 999 వేసి, అది లేని విలువ అని ప్రోగ్రాముకి చెప్పకపోవడంతో, ప్రసూతి వార్డులో సగటు వయసు డెబ్బై దాటింది.

"సార్, ఇది మా డిపార్ట్‌మెంటుకి మంచి పేరు తెస్తుందేమో" అంది ఆ ఫైలు తెచ్చిన పీజీ, ఆశగా.

1938లో కలకత్తాలో స్టాటిస్టిక్స్ దిగ్గజం రోనాల్డ్ ఫిషర్ అననే అన్నాడు: ప్రయోగం అయిపోయాక స్టాటిస్టిషియన్‌ని పిలవడమంటే శవపరీక్ష చేయించడమేనని. సారు ఈ మాట ఏటా చెబుతాడు. నొచ్చుకోనిది ఫోరెన్సిక్ పీజీ ఒక్కడే.

అసలు కరుణరసం, ఫలితం సిగ్నిఫికెంటో కాదో తేల్చే పి విలువ దగ్గర. 0.05 కంటే తగ్గితే మిఠాయి పెట్టె, 0.06 వస్తే మౌనం. "ఇంకో టెస్టు ఉండదా సార్? ఆ ఇద్దరు రోగుల్ని తీసేస్తే?" "తీసెయ్యడానికి వాళ్లేమన్నా కుట్లా నాయనా?" తెరమీద .000 కనబడితే మళ్లీ పండగ. అది సున్నా కాదు, మూడు అంకెల దాకే చూపిస్తోంది, 0.001 కంటే తక్కువ అని రాసుకోమంటాడు. ఎవరూ రాయరు. టి-టెస్టు కనిపెట్టిన గోసెట్ గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి అనీ, 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో అచ్చువేశాడనీ చెబితే, బీరు మాత్రం అందరికీ గుర్తుంటుంది.

థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. గైడు, హెచ్‌ఓడీ, అమ్మానాన్న, కాబోయే భర్త, డీటీపీ ఆపరేటరు, ఆ తర్వాత సారు. పేరులో ఒక అక్షరం తప్పు.

బైండింగు అయ్యాక రాత్రి పదకొండుకి ఫోను. "సార్, 60 మందినే ఎందుకు తీసుకున్నావని వైవాలో అడుగుతారట. 60 వచ్చేలా ఒక ఫార్ములా చెప్పండి సార్."

సారు నిట్టూర్చి లేచి కూర్చున్నాడు. "4పీక్యూ బై ఎల్ స్క్వేర్ రాసుకో అమ్మా. పీ 50, క్యూ 50, ఎల్ 12.91."

"12.91 ఎందుకని అడిగితే సార్?"

"స్టాటిస్టిషియన్ చెప్పాడను. పేరు తప్పుగానే వేశావుగా, నన్నెవరూ పట్టుకోలేరు."