ఉగ్గుగిన్నె

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు మాస్టారు ఐదు నెలలుగా తెల్లారకముందే లేచి బందరు కాలువ గట్టున నడుస్తున్నారు. ఆ పాపం నాది. "ముప్ఫై రెండు కిలోలు ఎలా తగ్గావోయ్?" అని లిఫ్టులో నిలదీస్తే, "ఏముంది మాస్టారూ, వాకింగే! నేను సాయంత్రాలు వెళ్తాను" అనేశాను. ఆయన ఇప్పటికి రెండు జతల బూట్లు అరగదీశారు. తగ్గింది ముప్పావు కిలో. మొన్న మెట్ల దగ్గర ఆపి, "నీకు అచ్చొచ్చిన నడక నాకెందుకు అచ్చిరాలేదంటావ్?" అన్నారు. పాఠం అర్థంకాని పిల్లాడిలా ఉంది మొహం. అందుకని ఒప్పేసుకుంటున్నాను.

నేను నడవలేదు. కోయించుకున్నాను. స్లీవ్ ఆపరేషన్. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో ఉంచారు. మొదట్లో అందులో పట్టేది నూట పాతిక మిల్లీలీటర్లు, అటూ ఇటూగా. పెళ్లిళ్లలో మూడో మారు పులిహోర అడిగి వేయించుకున్న 124 కిలోల మనిషికి మిగిలిన గోదాము అదీ!

మొదటి రెండు వారాలూ తాగుడు మీదే బతికాను. పప్పుకట్టు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు. అదీ గడగడా కాదు, గుక్కకీ గుక్కకీ మధ్య గడియారం చూసుకుంటూ. గ్లాసు చేతికిస్తే పాత అలవాటు కొద్దీ ఎత్తేస్తానని మా ఆవిడ బీరువాలోంచి మా అబ్బాయి ఉగ్గుగిన్నె తీసింది. వెండిది, పుట్టింటివాళ్లు పెట్టింది. యాభై రెండేళ్ల వయసులో ముక్కు గిన్నెతో పప్పుకట్టు తాగుతుంటే వాడు వీడియో కాల్‌లో చూసి, "నాన్నా, అది నాది" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి, ఆపైన అసలు తిండి. అసలు బాధ అప్పుడే మొదలైంది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ లోపలికి వెళ్లాలట. గుడ్డుకి ఆరు గ్రాములే. కాబట్టి ముందు గుడ్డో చేపో పనీరో, తర్వాత కూర, చోటుంటే అన్నం. చోటుండదు. ఆవకాయ కలిపిన ముద్ద నా ఎదుటే చల్లారిపోతుంది. ముద్ద ముద్దకీ పాతికసార్లు నమలాలి, పద్దెనిమిది దగ్గర ఎవరో ఒకరు పలకరిస్తారు, మళ్లీ ఒకటి నుంచి. భోజనంతో మంచినీళ్లు కూడదు, తిన్నాక అరగంట ఆగాలి. గోంగూరలో మిరపకాయ కొరికినవాడికి అరగంటంటే ఎంతో డాక్టరుకేం తెలుసు?

ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఆ కోసేసిన భాగంలోనే తయారవుతుందట. నిజంగానే కడుపుకి ఆకలి చాలావరకు పోయింది. కళ్లకి పోలేదు. సాయంత్రం నాలుగింటికి వీధి మొగలో మిరపకాయ బజ్జీల మూకుడు సలసలమంటే నా కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి. (చూశారా, నడక బొత్తిగా లేదని కాదు.)

ఇంకో వింత, కడుపు నిండితే నాకు ముక్కు కారుతుంది. కొందరికి అలా అవుతుందట. మా అత్తగారికి అసలు సంగతి చెప్పలేదు. నాలుగు చెంచాల పప్పన్నానికే నేను జేబురుమాలు తీస్తే, "అల్లుడుగారికి జలుబు చేసినట్టుందే" అని కూతురితో చెప్పి గిన్నెడు మిరియాల చారు పంపించారు. అది తాగే చోటెక్కడిది? కరివేప మొక్కకి జలుబు తగ్గింది.

మేనకోడలి పెళ్లిలో "ఇవాళ ఒంటిపూటండీ" అని విస్తరి ముందు చేతులు అడ్డంపెట్టాను. "బుధవారం ఏం ఒంటిపూట?" అన్నారు వియ్యంకులు. వాళ్ల వంట నచ్చలేదని ఊరంతా పాకింది.

అన్నింటికంటే సిగ్గుచేటు బందరు లడ్డు సంగతి. అర్ధరాత్రి వంటింట్లో, దీపం వెయ్యకుండా, ఒకటి పూర్తిగా మింగాను. పావుగంటకి ఒళ్లంతా చెమట, గుండెదడ, కళ్లు తిరగడం. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి జారిపోతే అలా అవుతుందట, డంపింగ్ అంటారు. వంటింటి గచ్చు మీద వెల్లకిలా పడున్న నన్ను చూసి మా ఆవిడ కంగారు పడలేదు. ముందు డబ్బా తెరిచి లడ్లు లెక్కపెట్టింది.

మాస్టారూ, ఇదీ జరిగింది. నాలుగో నెలలో నా జుట్టు దువ్వెనకి రాసిచ్చేయడం, ఉంగరానికి దారం చుట్టుకోవడం, రోజూ విటమిను బిళ్లలు, అన్నీ దీని చలవే. మీరు నడక మాత్రం మానకండి, మీ షుగరుకి మంచిది. నన్నూ రోజూ నడవమని డాక్టరు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. రేపు ఐదింటికి గేటు దగ్గరుంటాను. ఆపరేషన్ వారమే కొన్న బూట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.