గన్నేరు వాక్యానికి టీకా తాత్పర్యములు

మూలం: “గన్నేరుప్పా ఇది. ఎండలో పెట్టు. నీళ్లు శానా పొయ్యొద్దు. మ్యాక ముట్టదు.”

అవతారిక: జమ్మలమడుగు వీధుల్లో ఆటో నిండా మొక్కలేసుకుని తిరిగే వ్యాపారి, నాపబండల వాకిట్లో మూరెడు మట్టి మిగుల్చుకున్న ఒక గృహస్థుతో పలికిన వాక్యమిది. ఇక్కడి ఎండ మొక్కను బతకనివ్వదు, బతికినదాన్ని మేకలు బతకనివ్వవు. ధర చెప్పిన పాదం బేరంలో పలుమార్లు మారినందున దాని శుద్ధపాఠం దొరకదు.

ప్రతిపదార్థం:

గన్నేరు = కరవీరం. ఈ పేరుతో ఊళ్లో నాలుగు తిరుగుతున్నాయి కాబట్టి నిర్ణయం తప్పదు. బిళ్లగన్నేరు మోకాలెత్తు చిన్న మొక్క. క్యాన్సర్ మందులిచ్చిన ఘనత దానిది, కానీ ప్రస్తుతం అప్రస్తుతం. దేవగన్నేరు చలికాలానికి ఆకు రాల్చి మోడవుతుంది. అసలు గన్నేరు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఆ నియమం దీనికి అక్కడే తప్పింది. పచ్చగన్నేరుకు సన్నని ఆకులు ఒకటి తర్వాత ఒకటిగా వస్తాయి, తుంచితే పాలు కారతాయి, పువ్వు పసుపు గంటలా ఉంటుంది. మూలంలోనిది ఇవేవీ కాదు. కణుపు కణుపుకూ మూడేసి ఆకులు, తోలులాంటి దళసరి, తెల్లని నడి ఈనె, పువ్వు గొంతులో చీలికల కుచ్చు ఉంటే అదే ఎర్రగన్నేరు. నాలుగూ ఒకే కుటుంబం వాళ్లు, గొడవంతా అందుకే.

ఎండలో పెట్టు = పూర్తి ఎండలో. నీడన పెడితే ఆకే తప్ప పూత రాదు.

శానా పొయ్యొద్దు = నల్లరేగడి నీటిని వదలదు, వేరు కుళ్లుతుంది; గుంతలో పెన్న ఇసుక కలపాలి. ఇందులో ఒక విరోధం కనబడుతుంది: ఈ జాతి సహజంగా పెరిగేది వాగుల ఒడ్డున. పరిహారం: ఆకు అడుగున చిన్న గుంటల్లో, నూగు చాటున శ్వాసరంధ్రాలు దాచుకుంది కనుక కరువునూ ఓర్చుకుంటుంది. “రోజూ పొయ్యి” అనే పాఠాంతరం ఉంది. మొక్క చస్తే మరొకటి అమ్ముడవుతుందన్న ప్రయోజనం అందులో కనిపిస్తున్నందున అది ప్రక్షిప్తం.

మ్యాక ముట్టదు = ఇది వ్యాజస్తుతి, పైకి పొగడ్త, లోపల నింద. వేరు నుంచి పువ్వు దాకా ఇందులో గుండె లయను చెడగొట్టే విషం ఉంది. దాన్ని ఒలియాండ్రిన్ అంటారు. అమరసింహుడు తన కోశంలో దీనికి హయమారకం, అంటే గుర్రాన్ని చంపేది, అని కూడా పేరిచ్చాడు. ఆయన దోషంగా చాటింపు వేసినదాన్నే మన ఆటో వ్యాపారి గుణంగా అమ్మాడు. రహదారుల డివైడర్లలో గన్నేరు వరుసలు నిలబడ్డాయంటే అందులోనూ ఈ గుణానికి వాటా ఉంది. మ్యాక శబ్దం ఉపలక్షణం, ఆవునూ గేదెనూ కూడా చెబుతుంది. పసిపిల్లలకు మాత్రం ఈ అన్వయం చెల్లదు: మేకకున్న వివేకం వాళ్లకు లేదు, దొరికింది నోట్లో పెట్టుకుంటారు. మేక వివేకానికీ హద్దుంది. ఎండిన ఆకులో చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. కత్తిరించిన కొమ్మలు గడ్డిలో కలిస్తే ముట్టదన్నది ముట్టి తీరుతుంది. నీళ్లపొయ్యిలోనూ పెట్టరాదు, ఆ పొగా విషమే.

తాత్పర్యం: ఓ గృహస్థా! ఎండకూ మేకకూ లొంగని దీన్ని నాటుకో; పిల్లలున్న ఇంట్లో ఆలోచించి నాటుకో.

విశేషాంశాలు: వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మను జానెడు కోసి గుచ్చితే వేరూనుతుంది. “ముట్టదు” అన్న క్రియకు ఒక అపవాదం ఉంది. తల వెనుక నీలికళ్లలాంటి మచ్చలున్న పచ్చటి గొంగళిపురుగు ఈ ఆకునే పరమాన్నంగా తిని, తర్వాత చిలకపచ్చ మాత్‌గా ఎగిరిపోతుంది. మందు కొట్టాలని ప్రాచీనులు, చేత్తో ఏరాలని నవ్యులు. ఏరినా ఏరకున్నా, బోడి కొమ్మను సగానికి కత్తిరించి చేతులు కడుక్కుంటే సరి, పూత వచ్చేది కొత్త చిగురు చివరనే.