చుక్కలు చెరిపే బావ

అమెరికాలో మా బావ మాకు చూపించిన మొదటి పుణ్యక్షేత్రం ఒక మూసిన తలుపు.

విమానం దిగిన మర్నాడు ఎక్కడికెళ్దామన్న ప్రశ్న వచ్చింది. అమ్మ లివర్‌మోర్ గుడి అంది. నేను గోల్డెన్ గేట్ వంతెన అన్నాను. అక్కయ్య పప్పులు నిండుకున్నాయి, కాస్ట్‌కో అంది. బావ ముగ్గురికీ తలూపి, కారు తీసుకెళ్లి సన్నీవేల్‌లో ఎల్ కమినో రోడ్డు మీద ఓ కామెడీ క్లబ్బు ముందు ఆపాడు. పొద్దున్న పదకొండింటికి అందులో నవ్వించేవాళ్లూ లేరు, నవ్వేవాళ్లూ లేరు.

"చూశారా అత్తయ్యగారూ! 1972లో ఇక్కడ ఆండీ క్యాప్స్ అని సారాకొట్టు ఉండేది."

అమ్మ గబుక్కున కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. యాభై ఏళ్లనాటి వాసన ఇంకా ఎక్కడుంటుందమ్మా అంటే, ఏమో, దూరదేశం, మనకేం తెలుసు అంది.

బావ అదేమీ పట్టించుకోలేదు. అటారీ కంపెనీ వాళ్లు తమ పాంగ్ వీడియో ఆట తొలి పెట్టెను తెచ్చి పెట్టింది ఈ కొట్టులోనేనట. తెర మీద రెండు గీతలు, మధ్య ఒక చుక్క, అదే బంతి. కొన్నాళ్లకి పెట్టె పనిచెయ్యడం లేదని కబురొస్తే, దాన్ని తయారుచేసిన అలన్ ఆల్కార్న్ స్వయంగా వచ్చి తెరిచి చూశాడు. యంత్రానికి ఏ రోగమూ లేదు. చిల్లర పొంగిపొర్లి, ఇక వేసేందుకు చోటు లేక ఆగిపోయింది.

"అంటే హుండీ నిండిపోయిందన్నమాట!" అంది అమ్మ. కొంగు దించి, ఆ తలుపుకి ఎందుకైనా మంచిదని ఓ నమస్కారం పెట్టేసింది. బావ మొహం వెలిగిపోయింది. పెళ్లయిన ఇరవైరెండేళ్లలో అత్తింటివాళ్లు తనని అర్థం చేసుకున్నది ఆ క్షణమే అనుకున్నాడు పాపం.

అయితే పాంగ్ మా బావ ఇలవేల్పు కాదు. అది తిరుపతి వెంకన్నలాంటిది, అందరూ మొక్కుతారు. మా బావలాంటి వాళ్లకి జనం ఉన్న గుడి పనికిరాదు. పొలిమేరలో పొదల మాటున, పూజారి కూడా మానేసిన అమ్మవారు కావాలి. బావ పట్టుకున్న అమ్మవారి పేరు క్లీన్ స్వీప్. 1974లో రామ్‌టెక్ అనే కాలిఫోర్నియా కంపెనీ విడుదల చేసింది. హోవెల్ ఐవీ అనే ఇంజినీరు సృష్టి.

"రామ్‌టెక్కా? నాగపూర్ దగ్గరుందే, రాములవారి గుడి..." అంది అమ్మ.

"అది కాదండీ."

ఆట ఇదీ. తెర నిండా చుక్కలు బారులు తీరి ఉంటాయి. కింద ఒక గీత, దాన్ని ప్యాడిల్ అనాలి, నాబ్ తిప్పితే అటూ ఇటూ జరుగుతుంది. దానితో బంతిని పైకి కొడితే, అది చుక్కల మీదుగా పోతూ దారిలో ఉన్నవాటినల్లా చెరిపేస్తుంది. ఒక్క చుక్క మిగలకుండా ఊడ్చిపెడితే నెగ్గినట్టు. ఇదంతా బావ రెండు చేతులూ తిప్పి చెప్పాక అమ్మ కాసేపు ఆలోచించింది.

"చుక్కలు పెడితే కలుపుతారు గానీ చెరుపుతారా నాయనా? ముగ్గు పాడుచెయ్యడం ఒక ఆటా?"

అక్కయ్య ఇంకో కోణం నుంచి వచ్చింది. "ఆ పేరుకి అర్థం తెలుసా అమ్మా? చీపురు పెట్టి శుభ్రంగా ఊడవడం. ఈయన ఆ పని తెర మీద చేస్తారు."

మా బావ ఒక్కడే ఇలా అనుకునేరు. ఇదొక జాతి. వయసు నలభైఅయిదుకీ యాభైఅయిదుకీ మధ్య. ఇంటి అప్పు తీరడానికొస్తుంది, పిల్లలు మాట్లాడడం మానేస్తారు, డాక్టరు స్వీట్లు వద్దంటాడు. సరిగ్గా అప్పుడు పూనకం వస్తుంది. మన ఊళ్లో అయితే ఇలాంటివాళ్లు పాత జావా మోటారుసైకిలు కొని ఆదివారాలు దాని పక్కన గొంతుక్కూర్చుంటారు. లేదా గ్రామఫోను పట్టుకొచ్చి, వచ్చినవాళ్లందరికీ గీతల చప్పుడు వినిపించి, పాట మొదలయ్యేసరికి ఆపేస్తారు. కాకపోతే ఆ జావా వాళ్ల మేనమామకి నిజంగా ఉండేది, ఆ గ్రామఫోను ఎదురింట్లో నిజంగా మోగింది. మా బావ కేసు అది కాదు. ఆయనా ఆ ఆటా పుట్టింది ఒకే ఏడాది. ఆట సన్నీవేల్ చుట్టుపక్కల బార్లలో డబ్బాడు చిల్లర మింగుతుంటే, ఈయన తెనాలిలో నేల మీద దొరికినవి మింగుతున్నాడు. వాళ్ల వీధికి టీవీ వచ్చేసరికే పదేళ్లొచ్చాయి. అయినా "అప్పట్లో బార్లలో ఆ నాబ్ తిప్పితే ఉండే ఆ బిగువే వేరు" అంటాడు. ఎవరి అప్పట్లో, ఎవరి నాబ్? సొంత బాల్యాన్ని తెనాలిలో వదిలేసి అమెరికావాడి బాల్యాన్ని సెకండ్‌హ్యాండులో కొనుక్కున్నాడు మా బావ.

నిజానికి ఆయన మొదట ఆడిన బంతాట ఏదో నాకు తెలుసు. 1997లో అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు నేర్చుకుంటూ, సారు టీకి వెళ్లగానే ఆడిన డీఎక్స్ బాల్. ఆ ఆట ఆడుతూ ఎంతమంది అమెరికా వెళ్లారో లెక్కలేదు. ఆ మాటెత్తితే మాత్రం, చిన్నప్పటి ముద్దుపేరు ఆఫీసువాళ్ల ముందు పిలిచినట్టు మొహం పెడతాడు. "దానిలో రంగులెక్కువరా" అని తేల్చేస్తాడు.

బ్రేకౌట్ పేరెత్తితే ఇంకా ప్రమాదం. 1976లో అటారీ తెచ్చిన ఆ ఇటుకలు పగలగొట్టే ఆటే లోకానికి గుర్తు. కారణం ఆట కాదు, కథ. దాని నమూనాని స్టీవ్ వోజ్నియాక్ నాలుగు రాత్రులు మేలుకొని తయారుచేశాడు. పని తెచ్చిన స్టీవ్ జాబ్స్, వచ్చిన 700 డాలర్లలో సగమని చెప్పి 350 చేతిలో పెట్టి, బోనస్ ఊసెత్తలేదు. "ఆ గొడవ జరక్కపోతే బ్రేకౌట్‌ని ఎవడు తలుచుకుంటాడు? చుక్కలు చెరిపే ఆట రెండేళ్లు ముందొచ్చింది. పెద్దవాణ్ని అడవికి పంపి చిన్నవాడికి పట్టం కట్టారు!" అని బావ అన్నం ముందు కూర్చుని పళ్లు నూరుతుంటే, భరతుడైనా పాదుకలు అడిగాడు కదా అని అమ్మ కళ్లొత్తుకుంది. ఏ రామాయణం నడుస్తోందో ఆవిడకి తెలియదు.

ఆ పెద్దవాణ్ని అడవినించి తీసుకురావడానికి బావ ఎంచుకున్న వాహనం ప్లేడేట్. 2022లో పానిక్ కంపెనీ తెచ్చిన చేతి ఆటబొమ్మ. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ పలక, నలుపు తెలుపు తప్ప వేరే రంగెరగని తెర, పక్కన మడతపెట్టుకునే చిన్న ఇనప పిడి. పిడి తిప్పుతూ ఆడాలి. క్లీన్ స్వీప్‌ని దాని కోసం మళ్లీ తయారుచేస్తున్నాడు బావ. చూడగానే అమ్మ, "కాఫీ మర ఎంత ముద్దుగా చేశార్రా!" అంది. గింజలు ఎక్కడ పొయ్యాలో వెతికింది కూడా.

దాని తెర వెనక దీపం ఉండదు. పుస్తకంలాగా వెలుతురు దాని మీద పడితేనే కనిపిస్తుంది. అందుకని బావ పొద్దున్నే తూర్పు కిటికీ దగ్గర మొదలై, మధ్యాహ్నానికి హాల్లోకి జరిగి, సాయంత్రం పడమటి వాకిట్లో తేలతాడు. ఇంట్లో గడియారం అక్కర్లేదు. ఆయన ఎక్కడున్నాడో చూసి అక్కయ్య కుక్కరు పెడుతుంది.

ఇంతకీ బావ ఆఫీసులో చేసే ఉద్యోగమేమిటో చెప్పలేదు కదూ. తప్పులు పట్టే విభాగానికి పెద్ద. ఆయన కింద నలభైమంది రేయింబవళ్లు సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు ఏరుతుంటారు. ఒక్కటి మిగిలినా వాళ్ల మీద నిప్పులు కురిపిస్తాడు. అలాంటి మనిషి ఇంటికొచ్చి, లాగూ మార్చుకుని, ఎవరో ఎప్పుడో చేసిన తప్పుల్ని ఒక్కటీ పోకుండా తన ఆటలోకి ఎక్కించే పనిలో పడతాడు. ఇదేం విపరీతం బావా అని అడిగాను.

"ఏరా, పాంగ్‌లో ప్యాడిల్ తెర పైఅంచు దాకా వెళ్లదు. ఎందుకో తెలుసా? సర్క్యూట్‌లో లోపం. ఆల్కార్న్ సరిచెయ్యగలడు. కానీ చెయ్యలేదు. ఆ సందు లేకపోతే ఇద్దరు మంచి ఆటగాళ్లు పొద్దుగూకేదాకా ఒకే చిల్లరకి ఆడేస్తారు. లోపమే ఆటని నిలబెట్టింది. దాన్ని సరిచేస్తే అది రీమేక్ అవుతుందిట్రా? తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ వినాయకుడవుతుంది!"

ఈ సూత్రం ఆఫీసులో నలభైమందికీ ఎందుకు వర్తించదో నేనడగలేదు. ఇంకా పది రోజులు ఆయనింట్లోనే తినాలి.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆ కాలపు ఆటపెట్టెల్లో ప్రోగ్రామనేదే లేదు. మైక్రోప్రాసెసర్ లేదు. చిన్న చిన్న చిప్పుల్ని తీగలతో కలిపి, ఆ కలయికలోనే ఆటని బిగించేసేవాళ్లు. అంటే చూసి రాసుకోవడానికి ఒక్క వాక్యం కూడా ఉండదు, సర్క్యూట్ బొమ్మ చూసి బంతి ఏం చేస్తుందో ఊహించుకోవాలి. లేనిదాన్ని చూసి ఎలా రాస్తారు అల్లుడుగారూ అని అమ్మ అడిగితే, వేదాలు మొదట అలాగే వచ్చాయన్నాడు. ఆ సర్క్యూట్ బొమ్మ భోజనాల బల్ల మీద పరిచి ఉంటుంది. దాని చుట్టూ కంచాలు పెట్టుకుని మేం తింటాం. ఒకరోజు దాని మీద చారు చుక్క పడింది. బావ రెండు రోజులపాటు దాన్ని కెపాసిటర్ అనుకుని లెక్కలు వేశాడు. ఆ రెండు రోజులూ బంతి ఎడమకి వాలింది.

తెర కొలతల బాధ సరేసరి. పాత టీవీ తెర నాలుగుకి మూడు. ఈ పలక తెర 400కి 240 చుక్కలు. నిష్ఠగా లెక్కేస్తే ఆటకి 320 చాలు, రెండు పక్కలా నలభై నలభై మిగులుతాయి. పన్నెండేళ్ల మేనల్లుడు తొంగిచూసి, "నాన్నా, ఆ ఖాళీలో స్కోరు వెయ్యొచ్చుగా?" అన్నాడు. గర్భగుడి పక్కన జాగా ఉంది కదాని జిరాక్స్ షాపు పెట్టమన్నట్టు చూశాడు తండ్రి. వాడు ఊరుకోక, లెవెల్స్ ఎన్ని, లైఫ్‌లు అయిపోతే యాడ్ చూస్తే ఇంకోటి ఇస్తారా అని కూడా అడిగాడు. ఆ రాత్రి బావ సరిగ్గా భోంచెయ్యలేదు.

నాబ్ సంగతి ఇంకా ఘోరం. పాత నాబ్ ముప్పావు చుట్టు తిరిగి రెండు కొసలా ఆగిపోయేది. ఈ పిడికి ఆగడం తెలియదు, గానుగెద్దులా ఎంతసేపైనా తిరుగుతుంది. లేని గోడకి తగిలి ఆగినట్టు అనిపించాలని మూడు వారాంతాలు పనిచేశాడు. అన్నిటికన్నా కుంగదీసింది మాత్రం తెర వేగం. పాత టీవీ సెకనుకి అరవైసార్లు బొమ్మ మార్చేది, ఇది యాభైకి మించదు. అర్ధరాత్రి లేచి కూర్చుని "పది తగ్గుతున్నాయి, సెకనుకి పది" అని గొణుగుతుంటే అక్కయ్య దుప్పటిలోంచే అంది: "మన పెళ్లి వీడియో క్యాసెట్టు మొత్తం బూజు పట్టినప్పుడు హాయిగా నిద్రపోయారు కదండీ!"

మేం వచ్చిన తొమ్మిదో రోజున ఆట పూర్తయింది. బావ స్నానం చేసి వచ్చాడు. తొలి ఆట ఎవరాడాలన్న మీమాంస వచ్చింది. పిల్లలు తలుపు వేసుకున్నారు, అక్కయ్య చేతులు పిండిలో ఉన్నాయన్నది (చేతులు పిండిలో లేవు, నేను చూశాను), నాకు చేతకాదు. అమ్మ కాఫీ పక్కన పెట్టి పలక అందుకుంది.

తిరగలి తిప్పిన చెయ్యి. గోంగూర నూరిన మణికట్టు. ఆ పిడి ఆవిడ వేళ్ల మధ్య కవ్వంలా కదిలింది. బంతి వెళ్లడం, చుక్కలు రాలడం, మళ్లీ రావడం. బావ నోరు తెరుచుకుని చూస్తూ, వెలుతురు తగ్గకుండా కిటికీ తెర ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. చూస్తుండగానే తెర ఖాళీ అయింది. ఓ మూల మూడే మూడు చుక్కలు మిగిలాయి. అప్పుడు అమ్మ పిడి వదిలేసి కాఫీ తాగడం మొదలుపెట్టింది.

"తిప్పండి అత్తయ్యగారూ, తిప్పండి!"

"అక్కర్లేదు అల్లుడుగారూ. అది వెళ్లిన దారినే వస్తోంది. ప్రదక్షిణం చేస్తోంది పాపం."

నిజమే. బంతి గోడకి కొట్టుకుని, ఆ కొసకి వెళ్లి, కదలని ప్యాడిల్ మీదే వచ్చి పడి, మళ్లీ అదే దారి పట్టింది. ఆ మూడు చుక్కలకి దరిదాపుల్లోకి పోదు. అమ్మ కాఫీ అయిపోయింది. గ్లాసు కడిగి వచ్చింది. ఇంకా తిరుగుతూనే ఉంది.

బావ మొహంలో ఆనందమూ భయమూ కలిసి కనిపించాయి. ఇది 1974 నాటి తప్పా, తనదా? ఐవీగారిదైతే బంగారం, ముట్టుకోకూడదు. తనదైతే చీమూ నెత్తురూ ఉన్నవాడు రాత్రికి రాత్రే తీసెయ్యాలి. సర్క్యూట్ బొమ్మ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. కంచాలు ఒళ్లోకి వెళ్లాయి. ఆఫీసునించి ఏదో కొంప మునిగిందని రెండుసార్లు ఫోనొస్తే, బావ తెర కిందకి తిప్పి పెట్టి, "వాళ్ల బగ్గు ఎక్కడికి పోతుంది, రేపుంటుంది" అన్నాడు.

"ఎవరి తప్పయితే ఏముంది లెండి, పొద్దుపోయింది, పడుకోండి" అంది అమ్మ. ఆవిడకేం తెలుసు.

రాత్రి రెండింటికి మంచినీళ్ల కోసం లేచాను. వంటింట్లో పొయ్యి పైన చిమ్నీ దీపం వెలుగుతోంది. ఇంట్లో ఆ వేళప్పుడు అన్నిటికన్నా మంచి వెలుతురు అదే కాబోలు. దాని కింద బావ మెడ వంచి నిలబడి, పిడి మెల్లిగా తిప్పుతూ, ఆపుతూ, ఏవో అంకెలు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. కాసేపటికి తిప్పడం ఆగిపోయింది.

పడగ్గదిలోంచి అక్కయ్య గొంతు వినిపించింది. "తేలిందా? ఎవరిదండీ తప్పు?"

బావ చాలాసేపు మాట్లాడలేదు.

"నాదే," అన్నాడు చివరికి.

లోపల మంచం కిర్రుమంది. లైటు వెలిగింది. అక్కయ్య జుట్టు ముడేసుకుంటూ గబగబా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఆ మాట ఇంకోసారి అనండి. అమ్మని లేపుకొస్తాను."