షష్ఠీ విభక్తిలో మా కొళాయి

ఫిర్యాదు చేయడం నాకు వ్యసనం కాదు. అయిదు రోజులకోసారి వచ్చే అవసరం. మా వీధి కొళాయిదీ అదే వరస కాబట్టి రెండూ కలిసొస్తాయి.

మొన్న మనవడు అక్వేరియం కావాలన్నాడు. అనంతపురంలో, ఏప్రిల్ నెలలో! ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తేలితే గానీ డబ్బు తీయనన్నాను. (తీయకుండా ఉండడానికి నాకు తెలిసిన మర్యాదైన దారి అదొక్కటే.) లాటిన్‌లో నీరు అంటే అక్వా. ద్వితీయలో అక్వమ్, షష్ఠిలో అక్వై, సంబోధనలో మళ్లీ అక్వా. సంతానమూ బాగుపడింది: స్పెయిన్‌లో ఆగ్వా, ఇటలీలో అక్వా. రుమేనియాలో 'ఆప' అయింది. ఈ ముక్క మా వీధికి నీళ్లు వదిలే మనిషి చెవిన పడకుండా చూసుకుంటున్నాను. ఫ్రాన్సులో మరీ అన్యాయం. అన్నీ ఇంకిపోయి 'ఓ' అనే ఒక్క అచ్చు మిగిలింది. రాస్తే మూడక్షరాలు, పలికితే ఒక్క చుక్క. వేసవిలో మా పెన్న అంతే, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇసక.

కోస్తాకు చేరిన పిల్లలకు ఏ లోటూ లేదు. భీమవరం వైపు రొయ్యల చెరువులవాళ్లు ఆక్వా రైతులు. కోనసీమ గన్నవరంలో కాలువ అక్విడక్ట్ ఎక్కి గోదావరి పాయనే దాటిపోతుంది. మా వాటాకు అక్వేరియం వచ్చింది, అదీ ఖాళీది.

మన నీరు మాత్రం తక్కువ జాతిదా? తమిళంలో నీర్, కన్నడంలో నీరు. సంస్కృతంలోని నీరం కూడా ద్రావిడ భాషల నుంచి వెళ్లిందేనని చాలామంది భాషావేత్తల మాట. చిన్నయసూరి వ్యాకరణం ప్రకారం 'టి' అనే ఔపవిభక్తికం తగిలి నీరు కాస్తా నీటి అవుతుంది. చిక్కంతా ఆ 'టి'తోనే. నీటి పన్ను వస్తుంది, నీటి ట్యాంకరు వస్తుంది, నీటి ఎద్దడి మీద సమీక్ష వస్తుంది. ప్రథమా విభక్తిలో నీరు రాదు. పైగా 'నీళ్లు' నిత్య బహువచనమట! మా ఇంటికొచ్చి బిందెలు లెక్కపెట్టి చెప్పమనండి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో చెరువులకు అనంతసాగరం, బుక్కరాయసముద్రం అని పేర్లు పెట్టిన పెద్దల ధైర్యానికి దణ్ణం.

"మాటలు నానబెట్టింది చాలు గానీ, బిందెలు కడిగి పెట్టినారా?" అంది మా ఆవిడ.

రాత్రి రెండున్నరకు వీధి చివర ఎవరో "ఓ..." అని కేకేశారు. లాటిన్ వదిలేసి బిందె పట్టుకుని పరుగెత్తాను.