టార్చి మామ

కర్ణాటకలోని పావగడ తాలూకాలో వాన కోసం ఆకాశం వైపు చూసేవాళ్ళు వేలల్లో ఉంటారు. టార్చి మామ మాత్రం గాజు వైపు చూస్తాడు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేడు గానీ, 1980ల్లో ఎక్కడో పడిన వాన ఏ లెన్సులో దాక్కుందో ఇట్టే చెబుతాడు.

మామకి పేరు అక్కర్లేదు. ఇట్లాంటి మనిషి ప్రతి తాలూకా ఊళ్ళోనూ ఒకడు తప్పనిసరి. నెలనెలా పెన్షన్ వస్తుంటుంది, పిల్లలు బెంగళూరులో ఉంటారు, బీరువాలో బట్టల్ని తోసేసి పాత కెమెరాలు కాపురం పెడతాయి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పెన్‌టార్చి ఉంటుంది. లెన్సు చేతికిస్తే మామ ముందుగా క్యాపు తియ్యడు. బరువు చూస్తాడు, తర్వాత వాసన చూస్తాడు. ఎపర్చరు పూర్తిగా తెరిచి, వెనకనుంచి వాలుగా వెలుగు కొట్టి, ఒక కన్ను మూస్తాడు. ఆ కన్ను తెరుచుకునేదాకా మనం మాట్లాడకూడదు. గాజు అంచున తెల్లటి సన్న దారాలు అల్లుకుని కనబడ్డాయా, ఇక ఆ ముఖం చూడాలి. ‘ఉందప్పా!’ అంటాడు, బాలింత గదిలోంచి బయటికొచ్చిన మంత్రసాని మాదిరి.

పెళ్ళిళ్ళలో అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే ఈయన ఫొటోగ్రాఫర్ లెన్సుని చూస్తుంటాడు. తలంబ్రాల తడి దాని మీద పడుతుందేమోనని భయం. తాళి కట్టే సమయానికి ఫొటోగ్రాఫర్ భుజం తట్టి, ‘దీన్ని యాడ పెడతావు రాత్రిపూట?’ అని అడిగిన చరిత్ర ఉంది.

తెలియనివాళ్ళకి ఒక సందేహం వస్తుంది. ఇంత ఎండుసీమలో లెన్సుకి బూజెట్లా? తిరుమణి, వళ్ళూరు దిక్కున సుమారు 13 వేల ఎకరాల్లో సౌర పలకలు పరిచి, 2,050 మెగావాట్ల సామర్థ్యంతో ఎండనే పంటగా తీస్తున్న తాలూకా ఇది. బూజుకి 60 శాతం దాటిన తేమ కావాలి, చీకటి కావాలి, కదలని గాలి కావాలి. మామ సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘లెన్సులు ఈడ పుట్టినవి కాదు అల్లుడా. మద్రాసులో, మంగళూరులో సముద్రపు గాలి తిని, గుజిరి అంగళ్ళ మీదుగా ఈడికొచ్చినవి.’ కొంత నిజమే. తోలు కేసు తేమని పట్టి ఉంచుతుంది, బూజుకి అన్నం కూడా పెడుతుంది. అందుకే కేసు మీద ప్రేమకొద్దీ కెమెరాని అందులోనే ఇరవయ్యేళ్ళు ఉంచినవాళ్ళు చివరికి రెంటినీ పోగొట్టుకుంటారు. అయితే మామ చెప్పని సంగతి ఒకటుంది. వేసవి పొడుగునా ఆ ఇంట్లో నీళ్ళ కూలరు తడిగాలిని నేరుగా బీరువా మీదికే కొట్టేది. కనిపెట్టింది అత్త. మామ ఇంతవరకూ ఒప్పుకోలేదు. నేరం మంగళూరుదే.

చికిత్స రోజు ఇల్లు ఇల్లులాగా ఉండదు. మందుల అంగట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ అడిగితే, ‘ఎవరికి దెబ్బ తగిలింది సార్?’ అంటాడు కుర్రాడు. ‘రష్యావాడికి’ అంటాడు మామ. ఆ రష్యావాడు హీలియోస్ 44, 58 మిల్లీమీటర్ల లెన్సు, జర్మనీ వాళ్ళ బయోటార్‌ని చూసి చేసినది. పెరాక్సైడ్‌లో అమ్మోనియా కలుపుతారు. కలిపినదాన్ని సీసాలో పోసి బిరడా బిగించకూడదు, లోపల వాయువు పుట్టి సీసా పగలొచ్చు. ఈ జాగ్రత్త మామ అందరికీ చెబుతాడు. వాసన సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు, పక్కింటివాళ్ళే కనుక్కుంటారు.

మందుకి ముందు ఎండని నమ్ముకున్న రోజులూ ఉన్నాయి. థోరియం గాజువల్ల పసుపెక్కిన సూపర్ టకుమార్ ఎండకి తేరుకుంటుంది, అది నిజం. బూజు విషయంలో ఎండ అంత గట్టిది కాదు. దాన్ని బాగా చంపే అతినీలలోహిత కిరణాలు నేలదాకా రావు, వచ్చినవాటిలోనూ కొంత గాజే ఆపేస్తుంది. అయినా మామ హీలియోస్‌ని మిద్దె మీదికి తీసుకుపోయి, గాలాడాలని బోర్లించిన జల్లెడ మీద పెట్టాడు. జల్లెడ కింద చీర. చీర మీద అత్త వడియాలు. కాసేపటికి కమురు వాసన. చీరకి పడిన బొక్కని అత్త ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది. ‘బూజు పోయిందో లేదో ఆయన్ని అడగండి, చీర పోయింది మాత్రం నేను చెబుతా.’

అసలు విషాదం బూజు చచ్చాక మొదలవుతుంది. అది బతికుండగా వదిలిన ఆమ్లం గాజు మీది పూతని తిని గీతలు గీసిపోతుంది. ఎంత తుడిచినా ఆ గీతలు పోవు. ఆ పూత చాలా లెన్సుల్లో మెగ్నీషియం ఫ్లోరైడ్. ఇక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిన మామ, మచ్చలుపడ్డ పళ్ళు చూపిస్తూ నవ్వుతాడు: ‘గాజుకి తక్కువై మచ్చలు, మాకు ఎక్కువై మచ్చలు.’

శనివారం ఆయనకి రద్దీ. శనిమహాత్ముడి గుడికి రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. వాళ్ళలో కొందరు, ఎట్లాగూ వస్తున్నాం కదా అని, తాతల నాటి కెమెరా కూడా సంచిలో వేసుకొస్తారు. పీడ వదిలించుకోవడానికి వచ్చి, కొత్త పీడ పేరు తెలుసుకుని పోతారు.

ఒకసారి అడిగాను. ‘కొంచెం బూజుంటే బొమ్మలో తెలుస్తుందా మామా?’

‘తెలియదు. వెలుగుకి ఎదురుగా తీస్తే కొంచెం పొగమంచు కమ్మినట్టు వస్తుంది, అంతే.’

‘మరి ఈ తిప్పలన్నీ ఎందుకు?’

‘బొమ్మలు ఎవరు తీస్తాండారు?’ అన్నాడు ఆశ్చర్యంగా.

నిజమే, ఆ ఇంట్లో ఫిల్ము రోలు నేను ఎప్పుడూ చూడలేదు. సిలికా జెల్ మాత్రం డబ్బాల కొద్దీ ఉంటుంది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరగ్గానే బాండలిలో వేయించి మళ్ళీ నీలం చేస్తాడు. అందుకే ఆ బాండలిని అత్త వంటింట్లోంచి వెలేసింది.

మొన్న గుడి నుంచి వస్తూ ఒక కుర్రాడు వాళ్ళ తాత స్టూడియోలో వాడిన యాషికా మ్యాట్ 124జి తెచ్చాడు. మామ టార్చి వేశాడు. పై లెన్సు చూశాడు, కింది లెన్సు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. బ్యాటరీలు మార్చి ఇంకోసారి చూశాడు. ఒక్క దారం లేదు. కుర్రాడు భయపడ్డాడు.

‘ఏముంది సార్?’

‘ఏమీ లేదప్పా’ అన్నాడు మామ నీరసంగా. టార్చి జేబులో పెట్టుకుని, కెమెరాని తోలు కేసులో తనే సర్ది, బొత్తాం గట్టిగా నొక్కాడు. ‘వానాకాలం పోయినాక ఇంకోసారి ఎత్తుకురా.’