పాత చీర, కొత్త ఫ్లైఓవర్

మా అమ్మాయి ఆరో తరగతికి వచ్చిన ఏడు, అంటే 2018 మే నెలలో, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్‌కి శంకుస్థాపన జరిగింది. 6 కిలోమీటర్ల పైచిలుకు. ఇక ఉప్పల్ రింగ్ రోడ్డు పది నిమిషాల దూరమేనని ఆ రాత్రి మా ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం. ఆ పిల్లకి మొన్న పద్దెనిమిది నిండి ఎల్ఎల్ఆర్ వచ్చింది. ఫ్లైఓవర్ మాత్రం ఇంకా పూర్తికాలేక అవస్థ పడుతోంది. అదే రోజు శంకుస్థాపన జరిగిన అంబర్‌పేట ఫ్లైఓవర్ మీద 2025లో బండ్లు ఎక్కేశాయి. కవలల్లో ఒకడు ఉద్యోగంలో చేరితే రెండోవాడు ఇంకా పలక పట్టుకు తిరుగుతున్నట్టుంది మా సంగతి.

అలాగని లాభం లేదనను. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచిన దగ్గర్నుంచీ అటువైపు జనం పిల్లర్ నంబర్లతోనే అడ్రసులు చెప్పుకుంటారు. వాళ్లకి పైన రోడ్డుంది, కింద అడ్రసుంది. మాకు రోడ్డు రాకముందే అడ్రసొచ్చింది. "పిల్లర్ పక్కన దోసెల బండి" అంటే చాలు, కొరియర్ కుర్రాడు కళ్లు మూసుకుని వచ్చేస్తాడు. ఆ దుమ్ములో కళ్లు తెరిచి రావడం ఎలాగూ కుదరదు.

చిక్కల్లా అమ్మాయికి స్కూటీ నేర్పాల్సి రావడంతో మొదలైంది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని. అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మే జబ్బు నాది. అందుకని బండి తీయకముందు పుస్తకం తీశాను. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు, రోడ్డు పని జరిగేచోట వాహనాలను ఎలా నడిపించాలో చెప్పే పుస్తకం ఒకటి వేశారు. దాని ప్రకారం పనిచోటు నాలుగు భాగాలు. మొదట ముందు పని ఉందని దూరం నుంచే హెచ్చరించే భాగం. తర్వాత బండిని మెల్లగా పక్క వరసలోకి మళ్లించే భాగం. ఆ తర్వాత పని జరిగే భాగం. చివర్న మళ్లీ మామూలు రోడ్డులో దించే భాగం. చదువుతుంటే కడుపు నిండిపోయింది. ఒక్క అచ్చుతప్పు లేదు.

"నాన్నా, మన రోడ్డులో మొదటి భాగం ఎక్కడుంది?" అంది అమ్మాయి, మొదటిరోజే.

చూశాను. హెచ్చరిక ఉండాల్సిన చోట ఓ కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ ఉంది. మళ్లించే భాగంలో రెండు బండరాళ్లు, ఓ వేపకొమ్మ. పని జరిగే భాగంలో పని తప్ప అన్నీ ఉన్నాయి: కంకర కుప్ప, ఆగిన మిక్సరు, దాని నీడలో నిద్రపోతున్న కుక్క. నాలుగో భాగం నారపల్లి దాటాక వస్తుందని వినికిడి.

అక్కడికి మనమేదో అమాయకులమని కాదు. వరంగల్ బస్సు తన దారిన వస్తుంటే, యాదగిరిగుట్టకు బయల్దేరిన కారు దానికి ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తుంది. మధ్యలో నేను. అరకిలోమీటరు పోయి యూటర్న్ తీసుకోవడానికి ఒళ్లు బరువై, నేనూ అదే రాంగ్ రూట్‌లో వస్తున్నాను కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేను. ఈ ముక్క మా అమ్మాయికి చెప్పలేదు. దానికి ముందే తెలుసు.

మా తప్పు సరే, కట్టేవాళ్ల సంగతికొస్తే, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అని ఓ సెక్షన్ చేర్చారు. రోడ్డు కట్టేవాళ్లు భద్రతా ప్రమాణాలు పాటించక, దానివల్ల మనిషి పోయినా, అంగవైకల్యం వచ్చినా లక్ష రూపాయల దాకా జరిమానా. మా కాలనీలో పెళ్లికి షామియానా, సౌండు పెట్టిస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది.

చివరికి మా అమ్మాయికి రోడ్డు నేర్పింది నేనూ కాదు, పుస్తకమూ కాదు. దోసెల బండి మల్లేశం.

"గట్లగాదు బిడ్డా! గుంత నడిమిట్లకెళ్లి పోకు. ఎడమ దిక్కు కంకరుంటది, జారుతది. కుడి దిక్కు నీళ్లు కనబడుతున్నయి సూడు, అది నీళ్లు గాదు, మ్యాన్‌హోలు. గా ఎర్రగుడ్డ పట్టుకొని పో."

ఆ ఎర్రగుడ్డ వెదురుకర్రకి కట్టి ఉంది. రాత్రిపూట హెడ్‌లైటు పడితే దాని జరీ అంచు తళుక్కుమంటుంది. మెరిసే స్టిక్కర్లు అంటించిన బోర్డులు ఉండాలని పుస్తకంలో రాశారే, వాటి పని ఈ జరీ చేస్తోందన్నమాట! దగ్గరికెళ్లి చూసి నోరు తెరిచాను. అది మా ఆవిడ పాత చీర. స్టీలు గిన్నెలవాడికి వేశానని నాకు చెప్పింది.

"మేడమే ఇచ్చింది సార్. పోయిన వానాకాలంల ఒక పిలగాడు బండితోని అండ్ల వడ్డడు. మోకాలు పలిగింది. సూసి ఆగలేక ఇచ్చింది" అన్నాడు మల్లేశం, పెనం మీద నీళ్లు చిలకరిస్తూ.

"ఫ్లైఓవర్ అయిపోతే నీకూ నయమేగా?" అన్నాను.

"బండ్లన్ని పైకెళ్లి పోతే నా తాన ఎవలాగుతరు సార్?" అని నవ్వి, కాస్త తటపటాయించి మెల్లగా అడిగాడు. "పిల్లర్ అవతల ఇంకో గుంత వడ్డది. మేడంకు చెప్పండ్రి. ఎర్రదే గావాలె. పోయినపారి ఎవలో పచ్చది గట్టిన్రు, పొమ్మన్నట్టే అనుకున్నరు జనం."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ మారుమాట్లాడకుండా బీరువా తెరిచి రెండు చీరలు తీసింది.

"ఒకటే అడిగాడు" అన్నాను.

"రెండోది వచ్చే ఏటికి" అంది.